కొట్టేసిన వాక్యం

నర్సమ్మను ఇప్పుడే కలుసుకుంటున్న వారికి ముందుగా నాలుగు మాటలు. పిల్లల వార్డులో పద్దెనిమిదేళ్ళు నర్సుగా పనిచేసి, నడుము దెబ్బతిని ఉద్యోగం మానుకున్న మనిషి ఆమె. మానేసి నాలుగేళ్ళయినా వీధిలో అందరికీ ఇంకా నర్సమ్మే. ఇంట్లో కూర్చున్న ఈ నాలుగేళ్ళలో పసిపిల్లల జ్వరాలూ, దగ్గులూ, పాలు కక్కుకోవడాలూ, తనకు తెలిసిందంతా ఒక ఆరోగ్య సైటుకు వ్యాసాలుగా రాసి పంపుతూ వచ్చింది. పంపిన వాటిలో చాలావరకు తిరిగొచ్చేవి. తిప్పి పంపే మనిషికి పేరు లేదు, ‘ఎడిటర్-7’ అని ఒక అంకె మాత్రం ఉండేది. నర్సమ్మా, ఆమె ఆడపడుచూ కలిసి అతనికి కత్తెర అని పేరు పెట్టుకున్నారు. పోయిన వారం ఆ కత్తెర, పసిపిల్లల జ్వరం మందు మీద ఆమె రాసిన వ్యాసాన్ని ‘మెషీన్ రాసినట్టుంది’ అని తిరగ్గొట్టి, ఆమె ఖాతాకు తాళం కూడా వేశాడు. నాలుగు రోజులు తిరక్కుండా అదే వ్యాసం, ఎవరో డాక్టరు ఫోటోతో, అదే సైటులో ప్రత్యక్షమైంది. దాదాపు అన్నీ ఆమె మాటలే. ఉండాల్సిన వాక్యం ఒకటి మాత్రం లేదు. అది లేకపోవడం చూసేసరికి నర్సమ్మ గుండెల్లో రాయి పడింది.

ఆడపడుచు బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది. ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ ద్వారా ఆ సైటు ఆఫీసు ఎక్కడుందో కూపీ లాగింది. మర్నాడు పొద్దున పదకొండింటికి వదినా మరదళ్ళిద్దరూ స్కూటరెక్కారు.

బాత్రూం సామాన్లు అమ్మే దుకాణం పైన మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. నర్సమ్మ ప్రతి మలుపులోనూ గోడకు చెయ్యి ఆనించి ఆగుతోంది.

“లోకానికి ఆరోగ్యం పంచేవాళ్ళ మెట్లు చూశావా వదినా? నడుం బాగున్నవాళ్ళకి కూడా పడిపోతుంది” అంది ఆడపడుచు.

పైన తలుపుకు బోర్డు లేదు. లోపల పొడుగాటి గది. కిటికీల అద్దాలకు గోధుమరంగు కాగితం అంటించేశారు. ఆరుగురు చెవుల్లో తీగలు పెట్టుకుని కంప్యూటర్లకు అతుక్కుపోయి ఉన్నారు. తాగేసిన టీ కప్పుల అడుగున గోధుమ రంగు చారలు ఎండిపోయి ఉన్నాయి. చెత్తబుట్ట నిండి పొర్లి, తినేసిన పొట్లాలు కిందకి జారాయి. మూలన చేతులు కడుక్కునే తొట్టి పసుపుపచ్చగా గారపట్టి ఉంది, దాని మీద సబ్బు లేదు. ఆ తొట్టికి సరిగ్గా పైన, గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలు: ‘మీ పసివారి ఆరోగ్యానికి నమ్మకమైన నేస్తం.’

నాలుగేళ్ళుగా తన రాతలు చేరుతున్నది ఈ కొంపకా అనుకుంది నర్సమ్మ.

చివరి బల్ల దగ్గర కూర్చున్న మనిషి పెన్ను మూతను చెవిలో తిప్పుకుంటూ లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మేనేజర్ తనేనని చెప్పుకున్నాడు.

“చెప్పండి మేడమ్, ఉద్యోగం కోసమా?”

“కాదు. మీకు రాసేదాన్ని. నాలుగేళ్ళుగా.”

“అబ్బో! అయితే మన ఫ్యామిలీయే! కూర్చోండి, కూర్చోండి.”

నర్సమ్మ కూర్చోలేదు. ఫోనులో ఆ పేజీ తెరిచి అతని ముందు పెట్టింది. “దీన్ని తీసేయండి. ఇప్పుడే.”

అతను పేజీ వైపు చూడలేదు. పేజీ మూలన ఉన్న అంకె వైపు చూశాడు. మొహం వెలిగిపోయింది. “రెండు లక్షల నలభై వేల మంది! ఇది మన టాప్ పేజీ మేడమ్. దీన్ని తీసేయమంటారేంటి?”

“చదివారా?”

“ఎవరు?”

“మీరు.”

అతను నవ్వాడు. తప్పు చేసి దొరికిపోయిన నవ్వు కాదది, అడగకూడని అమాయకపు ప్రశ్న అడిగినందుకు జాలిపడ్డ నవ్వు. “నేను చదవను మేడమ్. నంబర్లు చూస్తాను.”

“నేను రాసిందే ఇది. మెషీన్ రాసిందని తిప్పి పంపి, మళ్ళీ మీరే పెట్టుకున్నారు. పోనీ, అది తర్వాత మాట్లాడుకుందాం. ఇందులో మందు మోతాదు తప్పుగా ఉంది. పిల్లల ప్రాణాలు పోతాయి.”

“తప్పెలా ఉంటుంది మేడమ్? కింద డాక్టరుగారి సంతకం ఉందిగా. మా ప్యానెల్లో సీనియర్.”

“ఏ ఆసుపత్రిలో చేస్తారు?”

“ఇప్పుడు ఊళ్ళో లేరు.”

అంతసేపూ తన ఫోనులో ఆ డాక్టరు ఫోటోనే వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్న ఆడపడుచు తలెత్తింది. “ఈయన ఎక్కడికీ వెళ్ళలేదు. మా దుకాణంలోనే ఉన్నాడు.”

“ఏంటీ?”

“కోటు బట్టల కేటలాగు ఉంది మా దగ్గర. పదకొండో పేజీలో చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడి ఉంటాడు. మగవాళ్ళ కోటుకి గుండీలు కుడివైపు ఉంటాయి బాబూ. ఇక్కడ ఎడమవైపున్నాయి చూడు. ఫోటో తిరగేశారు. కోటుకి తెల్లరంగు పూసి మెడలో ఆ గొట్టం అతికించారు. అతికించడం కూడా చేతకాలేదు. గొట్టం ఒక కొస గాల్లో తేలుతోంది.”

కంప్యూటర్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గినట్టు సర్దుకున్నారు.

మేనేజర్ మొహంలో సిగ్గు అనేది మచ్చుకైనా కనబడలేదు. “జనానికి ఒక మొహం కావాలి మేడమ్. మొహం లేకపోతే నమ్మరు. అయినా లోపలి సంగతులు నాకు తెలీవు, ఎడిటర్ చూసుకుంటాడు.” వెనక్కి తిరిగి, ఆటోను కేకేసినట్టు కేకేశాడు. “సెవెన్! ఏయ్, సెవెన్!”

చెక్కతో అడ్డుగా కట్టిన చిన్న గదిలోంచి ఒక మనిషి వచ్చాడు.

నాలుగేళ్ళుగా నర్సమ్మ ఊహల్లో కత్తెర ఒక పొగరుబోతు. కాలు మీద కాలేసుకుని, పెదవి విరుస్తూ, ఒక్కో వ్యాసాన్నీ కాలితో తన్నేవాడు. వచ్చిన మనిషికి యాభై అయిదు దాటి ఉంటాయి. మెడదాకా గుండీలు పెట్టిన ఉతికిన చొక్కా, కళ్ళజోడుకు ఒక పక్క దారం. చెవి మీద ఎర్ర పెన్సిలు ఉంది. ఆ ఆఫీసు మొత్తంలో వెతికినా దాంతో దిద్దడానికి ఒక్క కాగితం లేదు.

“తమరెవరో… దయచేసి…” అన్నాడు.

“దయచేసి గమనించగలరు” అంది నర్సమ్మ.

ఆ మాట విన్నాడో లేదో, ఆయన మొహం పాలిపోయింది. ప్రతి తిరస్కారం కిందా తను రాసే మాట అది. ‘భాష పేలవంగా ఉంది. దయచేసి గమనించగలరు.’ ‘కొత్తదనం లేదు. దయచేసి గమనించగలరు.’ ఆ మాటలు చదివాకే నర్సమ్మ వ్యాకరణం పుస్తకం కొనుక్కుంది. ఒక్కో వాక్యాన్ని పైకి చదివి, అర్థమైందా అని మొగుణ్ణి అడిగి ఆయన ప్రాణం తీసింది. ఒక రోజు బట్టలు ఉతుకుతూ ఉతుకుతూ, తనకు చదువు అబ్బలేదని బకెట్ ముందు కూర్చుని ఏడ్చింది కూడా.

“నర్సుగారా?” అన్నాడు కత్తెర మెల్లిగా.

“నేనే. జ్వరం మందు వ్యాసంలో వాక్యం కొట్టేసింది మీరేనా?”

“ఏ వాక్యమమ్మా?”

నర్సమ్మకు అది నోటికి వచ్చు. “‘డ్రాప్స్ వేరు, సిరప్ వేరు; చిన్న సీసాలో వచ్చే డ్రాప్స్ దాదాపు నాలుగింతలు చిక్కగా ఉంటాయి కాబట్టి వాటిని ఎప్పుడూ చెంచాతో పట్టకండి, సీసాతో పాటు ఇచ్చిన గొట్టంతోనే, డాక్టరు చెప్పినంతే వేయండి.’ ఇది.”

కత్తెర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నేనే.”

“ఎందుకు?”

“పద్దెనిమిది మాటలు దాటిన వాక్యాన్ని మేం దిద్దే తెర ఎర్రగా చూపిస్తుందమ్మా. అందులో ‘పట్టకండి’, ‘ప్రమాదం’ లాంటి మాటలుంటే ఇంకా ఎరుపు. చదివేవాళ్ళు భయపడి పేజీ మూసేస్తారట. పేజీ అంతా పచ్చగా ఉంటేగానీ వెతికేవాళ్ళకి ముందు వరసలో కనబడదు. అందుకని తీసేశాను. ఇంకా…”

“ఇంకా?”

“మోతాదుల పట్టికలో మీరు ‘సిరప్’ అని రాసినచోటల్లా ‘మందు’ అని మార్చాను. జనం ఆ మాటే ఎక్కువగా వెతుకుతారని పైనుంచి చెప్పారు.”

నర్సమ్మ సంచిలోంచి రెండు సీసాలు తీసింది. ఒకటి బొటనవేలంత చిన్నది. ఇంకోటి జానెడు ఎత్తుంది. రెండింటినీ మేనేజర్ బల్ల మీద, ఆ పెన్ను మూత పక్కన పెట్టింది.

“మీరు చదువుకున్నవారు కదా. ‘ఒక చెంచా మందు’ అని రాశారు. ఇందులో ఏది మందో చూపించండి.”

కత్తెర చెయ్యి చిన్న సీసా దాకా వెళ్ళింది. పెద్ద సీసా దాకా వెళ్ళింది. వెనక్కి వచ్చేసింది.

“రెండూ మందే” అంది నర్సమ్మ. “జ్వరంతో బిడ్డ ఒళ్ళు కాలిపోతుంటే తల్లికి ఏది చేతికి దొరికితే అదే మందు. ఈ చిన్నదాన్ని చెంచాలో పోసిందనుకోండి, నాలుగు రెట్లు లోపలికి పోతుంది. బిడ్డకి పైకి ఏమీ కనబడదు. జ్వరం తగ్గుతుంది, తల్లి సంతోషిస్తుంది, మళ్ళీ పడుతుంది. లోపల కాలేయం మాత్రం పాడైపోతూ ఉంటుంది. మా వార్డుకి అలా వచ్చిన పిల్లల్ని చూశాను నేను. అందుకే రాశాను ఆ వాక్యం. ఆ ఒక్క వాక్యం కోసమే ఆ వ్యాసం రాశాను.”

గదిలో వేళ్ళ టకటకలు ఆగిపోయాయి. మేనేజర్ ఒక్కడికే ఏమీ పట్టలేదు. “కింద చిన్నక్షరాల్లో పెట్టాంగా మేడమ్, ‘మీ డాక్టరును సంప్రదించండి’ అని? మా బాధ్యత అక్కడితో తీరిపోయింది” అన్నాడు.

నర్సమ్మ అతని వైపు చూడను కూడా చూడలేదు. అడక్కూడదనుకుంటూనే కత్తెరను అడిగేసింది. “నా భాష నిజంగా అంత పేలవంగా ఉండేదా?”

కత్తెర తల దించుకున్నాడు. “లేదమ్మా. పదింటిలో ఏడు తిప్పి పంపాలని ఇక్కడ నియమం. తిప్పి పంపినవి పారేయరు. ఇంకో మెషీన్లో వేసి, మాటలు కాస్త అటూ ఇటూ చేసి, వేరే పేరుతో పెట్టుకుంటారు. తిప్పి పంపారు కాబట్టి రాసినవాళ్ళు అడగలేరు. అదీ సంగతి.”

“మరి ఆ కారణాలు?”

“జాబితా ఉంటుంది. వారానికొకటి. ఒక వారం ‘భాష పేలవం’, ఒక వారం ‘కొత్తదనం లేదు’. పోయిన వారం ‘మెషీన్ రాసినట్టుంది’ వంతు వచ్చింది.”

“అంటే చదవకుండానే తిరస్కారం మీట నొక్కేసేవారా?”

అవునని చెప్పి ఉంటే నర్సమ్మ ఎలాగో ఓర్చుకునేది. కత్తెర అబద్ధం చెప్పలేకపోయాడు.

“చదివేవాణ్ణి. మీవి ఒక్కటీ వదల్లేదు. ఇరవై రెండేళ్ళు పత్రికలో ప్రూఫులు దిద్దినవాణ్ణి, మంచి వాక్యం కనబడితే వదలబుద్ధి కాదు. మీరు రాసినంత తేటగా రాసేవాళ్ళు ఈ సైటులో ఇంకొకరు లేరు. తెలిసే నొక్కాను.”

పద్దెనిమిదేళ్ళలో నర్సమ్మ చీమునూ, నెత్తురునూ, వాంతులనూ రెండు చేతులతో ఎత్తిపోసింది. ఏ రోజూ ముక్కు మూసుకోలేదు. రోగంలో ఎవరి తప్పూ ఉండదు. ఇప్పుడు మాత్రం ఈ శుభ్రమైన చొక్కా మనిషి దగ్గర నిలబడితే ఒళ్ళు జలదరించింది. ఆయన మీద ఒక్కడి మీదే కాదు, ఆయన మాటలకు బెదిరి వ్యాకరణం పుస్తకం ముందు తల వంచుకుని కూర్చున్న తన మీద కూడా అసహ్యం పుట్టుకొచ్చింది. బాగుందని తెలిసి బాగోలేదని రాసే చేతికీ, విషమని తెలిసి మందంటూ పోసే చేతికీ తేడా ఏముందో ఆమెకు తోచలేదు.

“నాకు పిల్లలున్నారమ్మా…” అని మొదలుపెట్టబోయాడు కత్తెర.

“అందరికీ ఉన్నారు” అంది నర్సమ్మ.

వ్యవహారం ఎటో పోతోందని మేనేజర్‌కు ఇప్పటికి తట్టినట్టుంది. గొంతులో తేనె కలిపాడు. “మేడమ్, మేడమ్. ఎందుకింత ఇదైపోతారు? మీ ఖాతా ఇప్పుడే తెరిపిస్తాను. ఐదు నక్షత్రాలు ఇప్పిస్తాను. పేరు పక్కన ‘అగ్రశ్రేణి రచయిత్రి’ అని బంగారు రంగు ముద్ర కూడా వస్తుంది. పేజీ మాత్రం తీయలేను. ప్రకటనలు నెలాఖరు దాకా బుక్కయిపోయాయి.”

“ఆ నక్షత్రాలు మీ కేటలాగు డాక్టరుగారి కోటుకి కుట్టుకో” అంది ఆడపడుచు. “గుండీలు ఎలాగూ తిరగబడ్డాయి.”

“మీరు మర్యాదగా మాట్లాడాలి.”

“మర్యాదంటే ఏంటో ముందు ఆ తొట్టి కడిగించి చెప్పు.”

ఈ రభస జరుగుతుండగానే కత్తెర తన చెక్కగదిలోకి వెళ్ళిపోయాడు. తప్పించుకుపోయాడనే అనుకుంది నర్సమ్మ. లోపల్నుంచి ఆయన గొంతు వినబడింది. “ఒకసారి ఇలా రండమ్మా.”

ఆ గదికి కిటికీ లేదు. కుర్చీ మీద దిండును తాడుతో కట్టేసుకున్నాడు. తెర మీద ఆమె వ్యాసం తెరిచి ఉంది.

“పేజీ తీసేసే అధికారం నాకు లేదు. దిద్దే అధికారం ఉంది. చెప్పండి. ఒక్క అక్షరం కూడా మార్చను.”

మేనేజర్ గుమ్మంలోకి వచ్చాడు. “సెవెన్! దాని మీద చెయ్యి వేశావో, ఇవాళే నీకు ఆఖరు.”

కత్తెర తల తిప్పలేదు. నర్సమ్మ ఒక్కో మాటా చెప్పింది. ఆయన ఒక్కో మాటా టైపు చేశాడు. పట్టికలో ప్రతి ‘మందు’నూ చెరిపి ‘సిరప్’ అని పెట్టాడు. తెర ఎర్రబారిపోయింది. ఆయన మీట నొక్కాడు. పేజీ మారింది.

ఆయనకు కృతజ్ఞతలు చెప్పాలని నర్సమ్మకు అనిపించలేదు, చెప్పలేదు. అప్పటికే ఆమె మనసు ఇంకో చోట ఉంది. రెండు లక్షల నలభై వేల మంది పాత పేజీనే చదివి వెళ్ళిపోయారు.

“చదివినవాళ్ళు కింద ఏమైనా రాస్తారా?”

“రాస్తారు.” కత్తెర పక్కనున్న ఇంకో గడి తెరిచాడు. మూడు వందల ఆరు వ్యాఖ్యలు.

“వీటిని ఎవరు చూస్తారు?”

“ఎవరూ చూడరమ్మా. జవాబు దానంతటదే వెళ్తుంది.”

నర్సమ్మ ఆయన్ను లేపి, ఆ తాడు దిండు మీద తను కూర్చుంది. కింద నుంచి పైకి చదువుతూ పోయింది. చాలా ఉపయోగపడింది అని ఒకరు. పళ్ళు వచ్చేటప్పుడు జ్వరం వస్తుందా అని ఒకరు. ప్రతిదాని కిందా ఒకటే జవాబు: ‘మీ ప్రశంసకు ధన్యవాదాలు! ఈ వ్యాసాన్ని మీ మిత్రులతో పంచుకోండి.’

రెండు వందల తొంభై దాటాక ఆమె వేలు ఆగిపోయింది. ఇవాళ పొద్దున ఏడుంబావుకు రాసింది.

‘డాక్టరుగారూ, మీరు చెప్పినట్టే నిన్న మధ్యాహ్నం నుంచి ఆరు గంటలకోసారి ఒక చెంచా మందు పట్టాను. ఏడు నెలల పాప. జ్వరం తగ్గింది కానీ రెండుసార్లు కక్కుకుంది. పాలు తాగట్లేదు. ఒకటే నిద్ర. మూడుసార్లకే సీసా అయిపోయింది. ఇంకోటి కొననా, ఆపేయనా? ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.’

దాని కింద: ‘మీ ప్రశంసకు ధన్యవాదాలు! ఈ వ్యాసాన్ని మీ మిత్రులతో పంచుకోండి.’

మూడు చెంచాలకే అయిపోయే సీసా ఏదో నర్సమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తల్లి ఫోటో కూడా పెట్టింది. మోచేతి దాకా పిండికట్టు ఉన్న ఎడమచెయ్యి, ఆ చేతి వేళ్ళ మధ్య బొటనవేలంత ఖాళీ సీసా. వెనక బల్ల మీద మందుల దుకాణం కాగితపు కవరు.

“పెద్దది చేయండి!” నర్సమ్మ గొంతు వార్డులో వినబడే గొంతులా మారిపోయింది.

కత్తెర పెద్దది చేశాడు. కవరు మీద దుకాణం ఫోన్ నంబరు కనబడింది. చివరి అంకె మడతలో పడి మూడో ఎనిమిదో తెలియలేదు. ఆడపడుచు అప్పటికే ఫోను తీసింది. మూడు నొక్కితే అలాంటి నంబరే లేదంది. ఎనిమిది నొక్కింది. మోగింది. నర్సమ్మ ఆమె చేతిలోంచి ఫోను లాక్కుంది.

“మందుల దుకాణమేనా అండీ? నేను పిల్లల నర్సుని. ఎడమచేతికి పిండికట్టున్న అమ్మాయి నిన్న మీ దగ్గర జ్వరం డ్రాప్స్ కొనుక్కుంది. గుర్తుందా?”

“ఎందుకు గుర్తులేదండీ, పాపం ఒంటిచేత్తో బిడ్డనెత్తుకుని వచ్చింది” అన్నాడు దుకాణాయన. “ఇవాళ కూడా వచ్చింది. పది నిమిషాలైనా కాలేదు.”

“ఇంకో సీసా ఇచ్చారా?”

“ఇచ్చానండీ. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తోందట, బస్సులో నాలుగు గంటల ప్రయాణమట. ఏ ఊరో అడగలేదు. దారిలో పట్టడానికి ఒక చెంచా ఉంటే ఇమ్మంది, అదీ ఇచ్చాను. ఏమ్మా, ఏమైంది?”